పడవే ఇల్లయితే.. రేవు ఏదీ?

* సోమశిల నిండినా నీటిపై నివాసానికి నిబంధన లేదు
* తాగునీటి జలాశయం కావడమే ప్రధాన అవరోధం
* చిరునామా లేక పథకాలకు దూరమయ్యే ప్రమాదం
* రాత్రి బసకు, శాశ్వత నివాసానికి తేడా తేల్చాల్సిన తరుణం

ఆత్మకూరు, ఉదయగిరి: మెరీనా అనగానే జిల్లా వాసులకు గుర్తుకు వచ్చేది చెన్నై సముద్రతీరం. పడవల రేవుకు కూడా అదే పేరున్న సంగతి పడమటి మెట్ట మండలాల్లో తెలిసినవారు తక్కువ. పడవను కట్టేసుకునేందుకు తగిన చోటు, విద్యుత్తు, మంచినీరు, మరుగుదొడ్డి, కాపలా వంటి వసతులు కల్పించి అద్దె వసూలు చేసే రేవునే విదేశాల్లో మెరీనా అంటారు. అలాంటి రేవుల్లో పడవనే ఇల్లుగా చేసుకుని ఏళ్ల తరబడి కాపురం ఉండేవారు ఉన్నారు. వారిని రానిచ్చే రేవును వెతుక్కోవడమే అక్కడ పెద్ద సమస్య.

తాగునీటికే తంటాలు పడే ఉదయగిరి ప్రాంతంలో ఈ చర్చ విడ్డూరంగా తోచవచ్చు. అయితే ఆత్మకూరు నియోజకవర్గంలోని అనంతసాగరం మండలంలో 78 టీఎంసీల సామర్థ్యంతో సోమశిల జలాశయం ఉన్నది. వెనుక జలాలు కొండల నడుమ కడప ప్రాంతం వరకు వ్యాపిస్తాయి. ఆ నీటిపై వేట సాగుతున్నది. పర్యాటక పడవలు రావాలన్న కోరికా ఉన్నది. వేటగాడు రాత్రి పూట పడవలో తలవాల్చినా, పర్యాటకుడు పడవ గదిలో బస చేసినా ఎదురయ్యే ప్రశ్నలు మూడే. పడవ ఎక్కడ కట్టాలి? ఎవరి అనుమతి పొందాలి? చిరునామాగా ఏమి రాయాలి? ఈ మూడింటికీ నేటి వరకు ఒకే చోట సమాధానం దొరకడం లేదు.

ఒకే పేరు.. రెండు జలాశయాలు

సోమశిల పేరుతో పడవ ప్రయాణం కోసం ఆరా తీసేవారు తరచూ పొరబడే విషయం ఒకటుంది. తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ సమీపాన కృష్ణా తీరంలోనూ సోమశిల ఉన్నది. అక్కడి నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ లాంచీ నడుపుతూ వచ్చింది. 2024లో ఆ సర్వీసును తిరిగి ప్రారంభించింది. నెల్లూరు జిల్లా సోమశిల పెన్నా నదిపై ఉన్నది. ఆత్మకూరు పేరుతోనూ ఇదే చిక్కు. శ్రీశైలానికి వెళ్లే దారిలో నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు, తెలంగాణలో వనపర్తి జిల్లాలో మరొకటి ఉన్నాయి. కృష్ణా సోమశిలలో ఉన్న లాంచీని చూసి పెన్నా సోమశిలలోనూ అదే వసతి ఉంటుందని భావించడం సరికాదు.

రెండు జలాశయాల స్వభావమూ వేరు. శ్రీశైలం వెనుక జలాలు లోతైన లోయల్లో విస్తరించినందున లాంచీ ప్రయాణానికి అనువుగా ఉంటాయి. సోమశిలకు నీరు పూర్తిగా పెన్నా, చెయ్యేరు వరదల మీద, కృష్ణా నుంచి తెలుగుగంగ ద్వారా వచ్చే నీటి మీద ఆధారపడి ఉంటుంది. వర్షాలు లేని సంవత్సరాల్లో జలాశయం అడుగంటుతుంది. నిండిన నాడు కొండ పాదాన్ని తాకిన నీరు ఎండాకాలానికి కిలోమీటర్ల కొద్దీ వెనక్కు పోయి ఒండ్రు బయటపడుతుంది. ఒడ్డున కాంక్రీటుతో రేవు కడితే ఏడాదిలో కొన్ని నెలలు అది నేల మీదనే నిలబడుతుంది. నీటితో పాటు పైకీ కిందికీ కదిలే తేలియాడే రేవు మాత్రమే ఇక్కడ పనికివస్తుంది.

గూటి పడవల కాలం

నీటిపై నివాసం తెలుగువారికి కొత్త కాదు. జిల్లా తూర్పు అంచున బకింగ్‌హాం కాలువ ఉన్నది. 1806లో మద్రాసు వైపు మొదలై దశలవారీగా ఉత్తరాన పెదగంజాం వరకు, దక్షిణాన మరక్కాణం వరకు సాగిన ఈ కాలువ పొడవు 420 కిలోమీటర్ల వరకు ఉన్నది. 1876-78 నాటి ధాత కరవులో పనులు కల్పించేందుకు దీనిని పొడిగించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు ఈ కాలువ మీదుగా మద్రాసుకు చేరేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తి, లేకుంటే గట్టు వెంట తాడు పట్టి లాగుతూ పడవలు నడిపేవారు. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో వంట, నిద్ర, కాపురం అన్నీ పడవలోనే. లాకుల వద్ద పడవలు ఆగేవి. నేటి భాషలో చెప్పాలంటే నాటి లాకులే వారి మెరీనాలు.

రైలు, రోడ్డు వచ్చాక సరకు రవాణా తగ్గింది. 1960ల్లో వచ్చిన తుపానులు కాలువను దెబ్బతీశాయి. పడవ మీద బతికిన కుటుంబాలు ఒడ్డుకు చేరాయి. 2008 నవంబరులో కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా కేంద్రం ప్రకటించింది. తొలి దశలో కృష్ణా నదిపై ముక్త్యాల, విజయవాడ మధ్య పనులకు 2017 అక్టోబరులో నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు శంకుస్థాపన చేశారు. ఆయన 1978, 1983 ఎన్నికల్లో ఉదయగిరి నుంచే శాసనసభకు ఎన్నికైన సంగతి ఈ ప్రాంత వాసులకు విదితమే. నెల్లూరు తీరంలో మాత్రం బకింగ్‌హాం కాలువ పునరుద్ధరణ కాగితాలు దాటి ముందుకు సాగలేదు.

2016 నాటి జాతీయ జలమార్గాల చట్టంలో 111 జలమార్గాలను పేర్కొనగా పెన్నాకు 79వ సంఖ్య లభించింది. అయితే అది సముద్ర సంగమం వైపు ఉన్న సుమారు 29 కిలోమీటర్ల భాగమే. సంగం ఆనకట్టను, సోమశిలను ఆ జలమార్గం తాకదు. అందువల్ల కేంద్ర జలమార్గాల సంస్థ నిధులతో సోమశిలలో రేవు వస్తుందని ఆశించడానికి ఆధారం లేదు.

గోదావరిలో పడవ కాపురాలు

రాష్ట్రంలో నేటికీ పడవను ఇల్లుగా చేసుకున్నవారు లేకపోలేదు. గోదావరిలో రాజమహేంద్రవరం, ధవళేశ్వరం పరిసరాల్లో కొన్ని మత్స్యకార కుటుంబాలు పడవల్లోనే వండుకుని, పడవల్లోనే నిద్రిస్తూ చేపలు దొరికే చోటికి సాగిపోతుంటాయి. పిల్లలు నీటిపైనే పెరుగుతారు. వారికి రేవు అంటే నీడ, ఒడ్డున ఒక చేతిపంపు, చేపలు కొనే వ్యాపారి. అద్దె కట్టే మెరీనా కాదు. కానీ ఆ రేవులో ఎన్ని రోజులు ఉండవచ్చో చెప్పే కాగితం వారి చేతిలో ఉండదు. ఘాట్ల సుందరీకరణ చేపట్టినా, పుష్కరాలు వచ్చినా, ఇసుక రేవు తెరిచినా ముందుగా కదలాల్సింది వారే.

శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో మరో తరహా జీవనం కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల తీరం నుంచి వచ్చిన వలస మత్స్యకారులు వెనుక జలాల అంచున గుడిసెలు వేసుకుని, నీరు తగ్గేకొద్దీ గుడిసెలను ముందుకు జరుపుకుంటూ వేట సాగిస్తారు. సన్నకన్ను అలివి వలల వాడకంపై స్థానిక మత్స్యకారులకు, వలస వచ్చినవారికి నడుమ ఘర్షణలు చోటుచేసుకున్న సందర్భాలున్నాయి. నీటిపై నివాసం అనే అంశం వేట హక్కుతో ముడిపడి ఉన్నదని ఈ అనుభవం చెబుతున్నది. రేవు ఇచ్చినవాడే చేప మీద హక్కు కూడా ఇచ్చినట్లవుతుందేమోనన్న భయం స్థానికుల్లో సహజం. సోమశిలలో రేవు ఆలోచన వచ్చినా ముందుగా తేలాల్సింది ఈ విషయమే.

విదేశాల్లోనూ సులువు కాదు

పడవలో కాపురం అంటే విదేశాల్లో స్వేచ్ఛా జీవనమన్న అభిప్రాయం ఉన్నది. వాస్తవం అందుకు కొంత భిన్నం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో తెలుగువారు అధికంగా నివసించే పట్టణాల చెంతనే అనేక మెరీనాలు ఉన్నాయి. అక్కడి తీర పరిరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం ఒక మెరీనాలోని మొత్తం చోట్లలో పదో వంతుకు మించి నివాస పడవలకు ఇవ్వరాదు. అందరి సొత్తయిన నీటిని కొందరి ఇళ్ల స్థలంగా మార్చకూడదన్నది ఆ నిబంధన వెనుక ఉన్న ఆలోచన. ఫలితంగా చోటు కోసం చాలాకాలం వేచి ఉండాల్సి వస్తుంది. కొందరు చెప్పకుండా పడవలోనే నివసిస్తూ, పట్టుబడిన నాడు రేవు నుంచి గెంటివేతకు గురవుతుంటారు.

ఇంగ్లండులో మరో పద్ధతి. అక్కడి కాలువల్లో నివాసానికి అనుమతి ఉన్న రేవులో చోటు అద్దెకు తీసుకోవచ్చు. రేవు లేనివారు 1995 నాటి చట్టం ప్రకారం ఒకే చోట 14 రోజులకు మించి ఆగకుండా ముందుకు సాగుతూ ఉండాలి. పిల్లలను బడికి పంపే కుటుంబాలకు, ఉద్యోగులకు ఈ నిబంధన కష్టంగా మారింది. నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌లో మాత్రం కాలువ గట్టున నివాస పడవలకు గుర్తింపు ఇచ్చి, మురుగునీటి గొట్టాలకు కలపాలని నిబంధన విధించారు. నివాసాన్ని గుర్తించి బాధ్యతను కూడా అప్పగించడం ఇక్కడి విశేషం.

ఈ మూడు చోట్లా కనిపించే పాఠం ఒకటే. నివాసానికి అనుమతి ఉన్న రేవుకు, చూసీచూడనట్లు వదిలేసే రేవుకు తేడా ఉంటుంది. రెండో తరహా రేవులో యాజమాన్యం మారినా, పక్కవారు ఫిర్యాదు చేసినా ఉన్నపళంగా పడవ విప్పాల్సిందే. అందుకే అనుభవజ్ఞులు అద్దె ఎంత అని అడగడానికి ముందే నివాసానికి అనుమతి ఉన్నట్లు ఒప్పందంలో రాస్తారా అని అడుగుతారు. మురుగు తోడే యంత్రం ఉన్నదా, తపాలా అందుతుందా, తుపాను వేళ పడవను ఎక్కడికి తరలిస్తారు, బీమా తప్పనిసరా, ఒప్పందం రద్దుకు ఎన్ని రోజుల గడువు ఇస్తారు అన్నవి తరువాతి ప్రశ్నలు. విదేశాల్లో స్థిరపడిన జిల్లా యువత అలాంటి నివాసం వైపు మొగ్గు చూపితే ఈ ప్రశ్నలు అడగకుండా డబ్బు కట్టరాదు.

దేశంలో ఎక్కడ ఉన్నాయి

కేరళలోని కొచ్చి వద్ద బోల్గాటి దీవిలో 2010లో ప్రారంభమైన మెరీనా దేశంలో అంతర్జాతీయ ప్రమాణాలతో వచ్చిన తొలి రేవుగా పేరు పొందింది. సముద్రయానం చేసే విదేశీ నావలు అక్కడ ఆగుతుంటాయి. చెన్నై ఓడరేవులో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉన్నా అది తెరచాప క్రీడకు ఉద్దేశించినది. జిల్లాలోని కృష్ణపట్నం సరకు ఓడల రేవు. కావలి సమీపంలోని జువ్వలదిన్నె చేపల రేవు. ఈ రెండింటిలోనూ నివాస పడవలకు ప్రత్యేకంగా చోటు కేటాయించలేదు.

కేరళలోని అలెప్పీ హౌస్‌బోట్ల కథ వేరు. ధాన్యం మోసిన కెట్టువల్లం పడవలకు 1990ల్లో గదులు కట్టి పర్యాటకులకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఉపాధి పెరిగింది. దానితో పాటు వేంబనాడు సరస్సులో మురుగు, చమురు కలుస్తున్నదన్న ఆందోళనా పెరిగింది. కశ్మీరులోని దాల్ సరస్సులో హాంజీ సముదాయం తరతరాలుగా పడవ ఇళ్లలో నివసిస్తున్నది. కాలుష్యం కారణంగా అక్కడ కొత్త పడవ ఇళ్ల నిర్మాణంపై దశాబ్దాల పాటు ఆంక్షలు అమలయ్యాయి. మన రాష్ట్రంలో కోనసీమలోని దిండిలో పర్యాటక శాఖ హౌస్‌బోటు నడిపింది. ఇవన్నీ ఒకటి రెండు రాత్రుల బసకు ఉద్దేశించినవే. కాశ్మీరును మినహాయిస్తే పడవ యజమాని కుటుంబం శాశ్వతంగా నివసించే ఏర్పాటు ఎక్కడా స్పష్టంగా లేదు.

సోమశిలకు అడ్డేమిటి

సోమశిలలో నివాస పడవలకు ప్రధాన అవరోధం కాలుష్యం. ఈ జలాశయం నుంచి పెన్నా డెల్టాకు, నెల్లూరు నగరానికి నీరు అందుతున్నది. ఇక్కడి నుంచే వరద కాలువ ద్వారా కండలేరుకు, అక్కడి నుంచి పూండికి చేరే నీరు చెన్నై ప్రజల దాహం తీరుస్తున్నది. 1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య కుదిరిన తెలుగుగంగ ఒప్పందంలో ఈ రెండు జలాశయాలూ కీలకం. 1996లో తొలిసారి ఈ మార్గాన నీరు తమిళనాడు సరిహద్దు చేరింది. ఇన్ని లక్షల మంది తాగే నీటిపై మరుగుదొడ్డి ఉన్న పడవను నిలపడం బాధ్యతతో కూడిన విషయం.

భోపాల్ పెద్ద చెరువు ఉదంతం ఇక్కడ గమనార్హం. నగరానికి తాగునీరు అందించే ఆ చెరువులో పర్యాటక సంస్థ క్రూయిజ్ పడవలు నడపగా, 2023 సెప్టెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ వాటిని నిలిపివేయాలని ఆదేశించింది. డీజిల్ ఇంజన్లు, వ్యర్థాల వల్ల తాగునీరు కలుషితమవుతుందన్నది ప్రధాన కారణం. సోమశిలలో రేపు ఎవరైనా నివాస పడవకు లేదా హౌస్‌బోటుకు టెండరు పిలిస్తే ఇదే వాదన ముందుకు వస్తుంది. మురుగును ట్యాంకులో నిల్వ చేసి ఒడ్డున తోడించుకునే ఏర్పాటు, ఆ మురుగును శుద్ధి చేసే చోటు, ఇంజనుకు బదులు బ్యాటరీ లేదా తెడ్డు వాడకం ముందుగా లేనిదే పడవను దించడం వివాదాలకు దారితీస్తుంది.

రెండో అవరోధం భద్రత. 2021 నవంబరు 19న చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. రాత్రంతా పెరిగిన వరద తెల్లవారేసరికి దిగువ గ్రామాలను ముంచెత్తి ఎందరినో బలిగొన్నది. ఆ నీరంతా పెన్నాలో కలిసి సోమశిలకు చేరింది. అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడగా, గేట్ల దిగువన ఆనకట్ట రక్షణ కట్టడాలు దెబ్బతిన్నాయి. నెల్లూరు సమీపాన జాతీయ రహదారి, రైలు మార్గం తెగి రాకపోకలు స్తంభించాయి. ఆ రాత్రి వెనుక జలాల్లో పడవపై కుటుంబాలు నిద్రిస్తూ ఉంటే వారికి సమాచారం ఎవరు చేరవేయాలి? ఏ ఒడ్డుకు తరలించాలి? వరద హెచ్చరికలు గ్రామాల పేరిట జారీ అవుతాయి. ఏ గ్రామానికీ చెందని పడవకు హెచ్చరిక చేరే మార్గం లేదు.

రాష్ట్రం పడవ ప్రమాదాలను మరువలేదు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మృతి చెందారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు విహారానికి వెళ్తున్న పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత పడవల తనిఖీ, లైసెన్సు, లైఫ్ జాకెట్ల విషయంలో ప్రభుత్వం ఆంక్షలు కఠినతరం చేసింది. ప్రయాణికుల పడవకు వర్తించే ఆ నిబంధనలు రాత్రి పూట లంగరు వేసుకుని నిలిచే నివాస పడవను ఉద్దేశించి రాసినవి కావు.

ఎవరి అనుమతి

సోమశిలలో నీరు, కట్ట జలవనరుల శాఖ పరిధిలోనివి. చేపల వేటకు లైసెన్సు ఇచ్చేది, చేప పిల్లలు వదిలేది మత్స్యశాఖ. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిలిపేదీ ఆ శాఖే. ఒడ్డున వెలిగొండ అడవులు అటవీశాఖవి. జిల్లా, కడప సరిహద్దు కొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉన్నందున ఆ వైపు రాత్రి బసకు మరిన్ని ఆంక్షలు తప్పవు. పర్యాటక పడవ నడపాలంటే పర్యాటకాభివృద్ధి సంస్థ. వెనుక జలాలు కడప వైపు విస్తరించినందున రెండో జిల్లా యంత్రాంగం ప్రమేయమూ ఉంటుంది. ఇన్ని కార్యాలయాల మధ్య పడవ యజమాని ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో చెప్పే ఏకగవాక్షం లేదు.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కేంద్రం అంతర్గత జలయానాల చట్టం తెచ్చింది. యంత్రంతో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను, సిబ్బందికి అర్హత, బీమా, కాలుష్య నివారణ ఇందులో ఉన్నాయి. యంత్రం లేని పడవలను స్థానిక సంస్థల స్థాయిలో నమోదు చేసే వెసులుబాటునూ ఈ చట్టం కల్పించింది. పుట్టి, తెడ్డు పడవలతో జీవించేవారికి ఇది మేలు చేయగలదు. పంచాయతీ పుస్తకంలో పడవ నమోదైతే ఆ పడవకు ఒక ఊరు లభిస్తుంది. ఊరు లభిస్తే హెచ్చరిక చేరుతుంది, ప్రమాదం జరిగితే లెక్క ఉంటుంది. ఖర్చు లేని ఈ పనిని ముందుగా చేపట్టడం ఉచితం.

చిరునామా చిక్కు

నీటిపై నివసించేవారికి అన్నిటికంటే పెద్ద నష్టం కాగితాల దగ్గర జరుగుతుంది. ఆధార్, రేషన్, ఓటు, పింఛను అన్నీ ఇంటి నంబరు అడుగుతాయి. ఓటు విషయంలో చట్టం కొంత ఉదారంగానే ఉన్నది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సాధారణంగా నివసించే చోటునే ప్రాతిపదికగా తీసుకుంటుంది. ఇల్లు లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి రాత్రి పూట వెళ్లి దరఖాస్తుదారు అక్కడే నిద్రిస్తున్నట్లు నిర్ధారించుకుంటే చాలు, చిరునామా రుజువు తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. పడవలో ఉన్నవారికీ ఈ మార్గం తెరిచి ఉన్నట్లే. పడవ రోజుకో చోట ఉంటే మాత్రం అధికారి ఏ ఒడ్డున వెతకాలన్నది ప్రశ్న.

రేషన్ విషయంలోనూ వెసులుబాటు ఉన్నది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య ప్రయోగాత్మకంగా మొదలైన పోర్టబిలిటీ తరువాత దేశమంతటా విస్తరించి ఒకే దేశం ఒకే రేషన్ కార్డుగా మారింది. స్వగ్రామంలో కార్డు ఉన్న వలస మత్స్యకారుడు అనంతసాగరంలోనూ బియ్యం తీసుకోవచ్చు. కార్డే లేనివారికి ఇది వర్తించదు.

మత్స్యకారులకు ఇచ్చే వేట నిషేధ భృతి సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల నిషేధానికి సంబంధించినది. 2019లో రూ.10 వేలుగా ఉన్న ఈ మొత్తాన్ని 2025లో రూ.20 వేలకు పెంచారు. జలాశయాల్లో చేపల సంతాన కాలంలో వేట నిలిపేవారికి అదే తరహా భరోసా అవసరం ఉన్నది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాద బీమా కింద మృతి లేదా శాశ్వత పూర్తి వైకల్యం సంభవిస్తే రూ.5 లక్షలు అందే అవకాశం ఉన్నది. ఇందుకు పేరు నమోదు కావాలి. నమోదుకు చిరునామా కావాలి. చివరకు అన్ని దారులూ రేవు దగ్గరకే చేరుతున్నాయి.

ముందు దాహం.. తరువాతే విహారం

ఉదయగిరి వైపు నుంచి చూస్తే ఈ చర్చకు మరో కోణం ఉన్నది. ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు మండలాల మెట్ట రైతులు వానను నమ్ముకుని సాగు చేస్తున్నారు. ఫ్లోరైడు సమస్య ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా వెంటాడుతున్నది. సోమశిల నీటిని ఎత్తిపోతల ద్వారా మెట్టకు చేర్చే హైలెవల్ కాలువ పనులు సంవత్సరాల తరబడి సాగుతున్నాయి. వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఎదురుచూపులూ అదే తీరు. కంటికి కనిపించే దూరంలో నీరు ఉండి గొంతు తడవని స్థితిలో, ఆ నీటిపై విలాస పడవలు తిరిగితే ప్రజలు హర్షించరు. జలాశయంలో ముంపునకు గురై ఊళ్లు ఖాళీ చేసిన కడప వైపు గ్రామాల వారికీ ఆ నీటిపై ఇతరుల ఇళ్లు తేలడం మింగుడు పడే విషయం కాదు.

అలాగని పడవ ఆలోచనను పూర్తిగా కొట్టివేయడమూ సబబు కాదు. 2022 సెప్టెంబరు 6న సంగం వద్ద మేకపాటి గౌతంరెడ్డి బ్యారేజీ ప్రారంభమైన తరువాత పెన్నాలో సోమశిలకు దిగువనా నీరు నిలిచే చోటు ఏర్పడింది. ఉదయగిరి కోట, పెంచలకోన, సోమశిల, సంగం కలిపితే రెండు రోజుల విహారయాత్రకు సరిపడే స్థలాలున్నాయి. రాత్రి బసకు పడవ గది బదులు ఒడ్డున గదులు కట్టి, పగలు మాత్రమే పడవ తిప్పితే కాలుష్యం, భద్రత రెండూ అదుపులో ఉంటాయి. పర్యాటకుడికి నీటిపై నిద్ర సరదా మాత్రమే. అది లేకున్నా యాత్ర సాగుతుంది.

వేటగాడి పరిస్థితి అటువంటిది కాదు. అర్ధరాత్రి వల వేసి తెల్లవారుజామున తీసేవాడికి నీటి అంచున తలదాచుకోవడం వృత్తిలో భాగం. అందువల్ల రేవు కట్టే స్తోమత ఉంటే మొదటి చోటు అతనికే దక్కాలి. ఇందుకు కోట్లు అవసరం లేదు. నీటి మట్టంతో కదిలే చిన్న తేలియాడే రేవు, ఒడ్డున మరుగుదొడ్లు, మంచినీటి కుళాయి, సౌర దీపాలు, చేపల నిల్వకు ఐసు పెట్టెలు, వరద వేళ మోగే సైరను ఉంటే చాలు. గేట్లకు తగినంత దూరంలో, అటవీ సరిహద్దుకు వెలుపల ఈ చోటును గుర్తించాలి. స్థానిక మత్స్యకార సహకార సంఘాలకే నిర్వహణ అప్పగిస్తే వలస వచ్చినవారితో వివాదాలకు తావు తగ్గుతుంది. ఎవరు ఎన్ని రోజులు ఉండవచ్చో, ఏ వల వాడాలో సంఘమే రాతపూర్వకంగా తేల్చవచ్చు.

తేలాల్సిన విషయాలు

మొదటిది, వెనుక జలాల అంచున, పడవల్లో రాత్రి గడిపే కుటుంబాల లెక్క. రెవెన్యూ, మత్స్యశాఖలు సంయుక్తంగా రెండు జిల్లాల్లోనూ ఒకే వారంలో ఈ లెక్క తీయాలి. రెండోది, యంత్రం లేని పడవలను 2021 చట్టం ప్రకారం పంచాయతీల్లో నమోదు చేయడం. మూడోది, నమోదైన పడవ ఉన్న రేవునే తాత్కాలిక చిరునామాగా గుర్తించి ఓటు, బీమా దరఖాస్తులు స్వీకరించడం. నాలుగోది, గేట్లు ఎత్తే ముందు వెనుక జలాల్లోని పడవలకూ ఫోను సందేశం పంపే ఏర్పాటు. ఇవి నాలుగూ జిల్లా స్థాయిలో నిర్ణయం తీసుకోదగినవే.

ప్రపంచంలో ఏ రేవూ పడవ నివాసులను ఊరికే ఆహ్వానించలేదు. మురుగు ఎక్కడికి పోతుంది, ప్రమాదం వస్తే ఎవరిది బాధ్యత, అందరి నీటిలో కొందరికి ఎంత చోటు అన్న ప్రశ్నలకు బదులు చెప్పిన తరువాతే తలుపు తెరిచాయి. సోమశిలలో తాగునీటిని కాపాడుతూనే వేటగాడికి ఒక రేవు, ఆ రేవుకు ఒక పేరు ఇవ్వడం సాధ్యమే. వచ్చే వరద సీజనుకు ముందే అధికార యంత్రాంగం ఈ లెక్క తేలిస్తే, నీటిపై నిద్రించే కుటుంబాలకు కనీసం హెచ్చరిక అందే వీలు కలుగుతుంది.